జంక్షన్‌లో గీతలు గీసిన కుర్రాళ్ళ లెక్క ఎటు పోతుంది?

మీ ప్రశ్న చదవగానే నవ్వొచ్చింది. పాతికేళ్ళ కిందట అలా కుర్చీ వేసుకుని గీతలు గీసిన కుర్రాళ్ళలో నేనూ ఒకణ్ణి. మీరు అడిగింది ఇది: హైదరాబాద్‌లో మీ కాలనీ ముందున్న జంక్షన్‌లో నలుగురైదుగురు కుర్రాళ్ళు పొద్దుటి నుంచి రాత్రి దాకా కాగితాల మీద ఏవో గీతలు గీసుకుంటూ కూర్చున్నారు. ఏడాదైంది, ఏమీ జరగలేదు. అసలు కార్పొరేషన్ వాళ్ళు ట్రాఫిక్‌ని ఎలా కొలుస్తారు? ఒకచోట ఫ్లైఓవర్, ఇంకోచోట రోడ్డు వెడల్పు, మరోచోట ఉత్త యూటర్న్ అని దేన్నిబట్టి తేలుస్తారు? ఈ వ్యవహారంలో కాలనీ సంఘం ఏమైనా అడగొచ్చా?

ఆ కుర్చీ నుంచి లేచాక నేను సిగ్నళ్ళ డిజైన్, ఆ తర్వాత నగరాల రవాణా ప్రణాళికలు తయారుచేసే పని చేశాను. ఇప్పుడు ఆ పని మానేశాను కాబట్టి మొహమాటం లేకుండా చెప్పగలను. ముందే ఒక మాట చెబుతాను. ఎక్కడ ఏం కట్టాలో చాలావరకు ఏం లెక్కపెట్టారన్న దగ్గరే తేలిపోతుంది. మీరు చూసిన కాగితం మామూలు కాగితం కాదు. అందులో లేనిది తర్వాత ఏ రిపోర్టులోనూ ఉండదు.

ఆ కుర్రాళ్ళు చేసింది టర్నింగ్ మూవ్‌మెంట్ సర్వే. నాలుగు రోడ్ల కూడలిలో ఒక్కో రోడ్డు నుంచి వచ్చే బండి ఎడమకు తిరగొచ్చు, నేరుగా పోవచ్చు, కుడికి తిరగొచ్చు. మొత్తం 12 కదలికలు, యూటర్న్‌లు కలిపితే 16. ప్రతి కదలికకూ ఒక కాగితం. అందులో అడ్డంగా బండ్ల రకాలు, నిలువుగా 15 నిమిషాల గడులు. బండి పోగానే ఒక గీత, నాలుగు నిలువు గీతలయ్యాక ఐదోది అడ్డంగా. సాయంత్రం 6 గంటలకు టూవీలర్ల గడి ముందు కూర్చున్నవాడి చెయ్యి ఏమవుతుందో నాకు తెలుసు. ఈమధ్య స్తంభానికి కెమెరా కట్టి వీడియో తీసి తీరిగ్గా లెక్కపెడుతున్నారు. సాఫ్ట్‌వేరే లెక్కపెట్టేసే పద్ధతీ వచ్చింది. కానీ ఒకదాని వెనక ఒకటి నక్కి, వాన పడితే ఫ్లైఓవర్ కింద గుంపుగా ఆగిపోయే మన టూవీలర్ల దగ్గర అది ఇప్పటికీ తడబడుతుంది.

ఈ 15 నిమిషాల గడుల్లో వరుసగా ఏ నాలుగు కలిపితే ఎక్కువ వస్తుందో అది పీక్ అవర్. ఇక అక్కణ్ణుంచి అన్నీ ఆ ఒక్క గంట చుట్టూనే తిరుగుతాయి.

అయితే బస్సునీ స్కూటర్‌నీ ఒకే గీతగా కూడలేం కదా. అందుకని బండ్లన్నిటినీ కార్ల లెక్కలోకి మారుస్తారు. ప్యాసింజర్ కార్ యూనిట్, వాడుకలో పీసీయూ. ఇండియన్ రోడ్స్ కాంగ్రెస్ 1990లో నగర రోడ్ల సామర్థ్యం మీద తెచ్చిన ఐఆర్‌సీ 106 అనే పుస్తకంలో ఈ అంకెలుంటాయి. కారు 1. మొత్తం ట్రాఫిక్‌లో తమ వాటా పది శాతం దాటితే టూవీలర్ 0.75, ఆటో 2, బస్సు లేదా లారీ 3.7. వాటా ఐదు శాతంలోపే ఉంటే టూవీలర్ 0.5, ఆటో 1.2, బస్సు 2.2. హైదరాబాద్‌లో టూవీలర్లు ఎప్పుడూ పది శాతం దాటే ఉంటాయి కాబట్టి నాలుగు బైకులు మూడు కార్లతో సమానమైపోతాయి. సిగ్నల్ దగ్గర నిలబడి చూసినవాళ్ళెవరూ ఇది ఒప్పుకోరు. రెండు కార్ల మధ్య సందులోంచి జారిపోయి తెల్లగీత ముందుకెళ్ళి నిలబడే బైకు ముప్పావు కారంత చోటు ఎక్కడ తింటుంది? ఆ మాట ఇంజనీర్లూ ఒప్పుకున్నారు. 2017లో కేంద్ర రహదారి పరిశోధన సంస్థ ఆధ్వర్యంలో వచ్చిన ఇండో-హెచ్‌సీఎం అన్ని రోడ్లకూ ఒకే అంకె పెట్టకుండా, బండి వేగాన్నీ అది ఆక్రమించే చోటునూ కారుతో పోల్చి అంకె తేల్చింది. అయినా పాత అలవాటు కొద్దీ 1990 అంకెలతోనే తయారైన రిపోర్టులు నేను చాలా చూశాను. బైకుకి ఏ అంకె వేశారన్నది ఒక్కటి మారిస్తే చాలు, జంక్షన్ లెక్క మొత్తం తారుమారవుతుంది.

ఇప్పుడు రెండో వైపు, అంటే రోడ్డు ఎంత మోయగలదన్నది. ఇది నాకు చాలా ఇష్టమైన భాగం, కొంచెం ఓపిక పట్టండి. అదే ఐఆర్‌సీ 106 ప్రకారం రెండు లేన్ల రోడ్డు, రెండు వైపులా రాకపోకలు ఉన్నది, ప్రధాన రహదారి అయితే గంటకు 1500 పీసీయూలకు డిజైన్ చేసుకోవచ్చు. అదే వెడల్పున్న రోడ్డు పక్కన బండ్లు పార్క్ చేసి, ప్రతి ఇంటికీ దుకాణానికీ గేటు ఉండి, అడ్డంగా దాటేవాళ్ళు ఎక్కువగా ఉంటే 900 మాత్రమే. తారు అదే, వెడల్పు అదే. పార్కింగు, ఎక్కడపడితే అక్కడ తెరుచుకునే గేట్లు, అడ్డంగా దూరే బండ్లు కలిసి 600 మింగేస్తున్నాయి. 2022లో హైదరాబాద్ ట్రాఫిక్ పోలీసులు ఆపరేషన్ రోప్ అని అడ్డదిడ్డం పార్కింగు మీద పడ్డారు, గుర్తుందా? చలాన్ల వసూలు అని జనం విసుక్కున్నారు కానీ అది పాక్షికంగా ఈ 600 వెనక్కి తెచ్చుకునే ప్రయత్నం. రోడ్డు వెడల్పు చేయాలంటే భూసేకరణ, ఇళ్ళ మీద ఎర్ర రంగు మార్కింగు, పోయిన స్థలానికి బదులు అదనంగా కట్టుకునే హక్కు ఇచ్చే టీడీఆర్ పత్రాలు, కోర్టు కేసులు. పార్కింగు తీయించడానికి ఒక టోయింగ్ వ్యాను, పట్టుదల ఉంటే చాలు. కష్టం ఆ రెండోదానితోనే.

వచ్చిన బండ్లను రోడ్డు మోయగలిగినదానితో భాగిస్తే వచ్చేదాన్ని వీ బై సీ (వాల్యూమ్ బై కెపాసిటీ) అంటారు. రిపోర్టు చివర్లో కనిపించే అంకె ఇదే. 1 దాటిందంటే టేబుల్‌లో ఆ గడికి ఎర్ర రంగు పడుతుంది. ఇక్కడో మతలబుంది. పైన చెప్పిన 1500 అనేది రోడ్డు పూర్తి సామర్థ్యం కాదు. పూర్తి సామర్థ్యంలో 70 శాతం దగ్గర సాఫీగా నడిచే స్థాయి. ఏ నుంచి ఎఫ్ దాకా ఇచ్చే గ్రేడ్లలో సీ. ఈ గ్రేడ్ల పద్ధతి 1965 నాటి అమెరికా హైవే కెపాసిటీ మాన్యువల్ నుంచి వచ్చింది. మీ రోడ్డు మీద గంటకు 1800 పోతున్నాయనుకోండి. 1500తో భాగిస్తే 1.2, రోడ్డు చేతులెత్తేసినట్టు. పూర్తి సామర్థ్యమైన 2140 చిల్లరతో భాగిస్తే 0.84, ఇరుకే కానీ నడుస్తోంది. అదే రోడ్డు, అదే సాయంత్రం. రిపోర్టులో ఏ అంకెతో భాగించారో చూడకుండా ఆ ఎర్ర గడిని నమ్మొద్దు.

అంతకంటే పెద్ద మోసం ఇంకొకటుంది. నేను స్వయంగా అందులో పడ్డాను. ఉద్యోగంలో చేరిన కొత్తలో ఒక జంక్షన్ లెక్క చూసి, సాయంత్రం 6 తర్వాత ట్రాఫిక్ తగ్గుతోందని నోట్ రాసి మా పెద్దాయన ముందు పెట్టాను. కాగితంలో 5:15కి ఉన్నంత 6:30కి లేదు మరి. ఆయన ఏమీ అనలేదు. మర్నాడు సాయంత్రం ఆ జంక్షన్ పక్కనున్న షాపింగ్ కాంప్లెక్స్ డాబా మీదికి తీసుకెళ్ళి, "ఎక్కడ తగ్గిందో చూపించు నాయనా" అన్నారు. కింద కనుచూపు మేర బండ్లు. ఒకటీ కదలడం లేదు. కదలని బండి తెల్లగీత దాటదు, దాటని బండికి గీత పడదు. సెకండ్ షో వదిలినప్పుడు హాలు గేటు దగ్గర అందరూ ఒక్కసారి తోసుకుంటే మామూలుగా పోయేంతమంది కూడా బయటపడరు కదా, అలాగే. రోడ్డు పూర్తిగా బిగుసుకుపోయినప్పుడు దాటే బండ్ల సంఖ్య తగ్గుతుంది. వీ బై సీ 0.6 చూపిస్తుంది, పచ్చ రంగు గడి. ఏ రోడ్డైనా ఒక గంటలో 2000 బండ్లు దాటాయంటే అది హాయిగా నడుస్తూ ఉండొచ్చు, చచ్చినట్టు పాకుతూ ఉండొచ్చు. అంకె ఒక్కటే ఆ తేడా చెప్పలేదు. అందుకే లెక్కతో పాటు వేగాన్నీ, వెనక నిలిచిన వరుస పొడవునూ కొలవాలి. కొలవని సర్వేలు బోలెడు. మనుషులు ఎక్కువ కావాలి, డబ్బు ఎక్కువ కావాలి, టెండర్‌లో అది రాయరు.

వేగం కొలవడానికి పాత పద్ధతి సరదాగా ఉంటుంది. కారులో ముగ్గురు ఎక్కుతారు. ఒకరు స్టాప్‌వాచ్, ఒకరు ఎదురొచ్చే బండ్లు లెక్కపెడతారు, ఇంకొకరు తాము దాటినవీ తమను దాటినవీ. రోడ్డు ఈ చివరి నుంచి ఆ చివరికి ఆరేడు సార్లు తిరిగితే వేగమూ ఎన్ని బండ్లు పోతున్నాయన్నదీ రెండూ తేలతాయి. 1954లో ఇంగ్లాండ్‌లో వార్డ్రాప్, చార్ల్స్‌వర్త్ అనే ఇద్దరు కనిపెట్టిన ఉపాయం ఇది. ఇప్పుడు ఆ పని మన జేబుల్లోని ఫోన్లే చేస్తున్నాయి. మ్యాప్‌లో ఎర్రగా కనిపించే గీత ఎక్కణ్ణుంచో వచ్చింది కాదు, ఆ క్షణాన ఆ రోడ్డు మీద ఇరుక్కున్నవాళ్ళ ఫోన్ల నుంచే వచ్చింది. ఏ రోడ్డైనా ఏడాది పొడవునా ప్రతి గంటా ఎలా ఉందో చూడొచ్చు. స్టాప్‌వాచ్ పట్టుకుని తిరిగినవాడిగా ఇది నాకు ఇప్పటికీ వింతగానే ఉంటుంది.

ఆ ఏడాది పొడవు అన్నది ముఖ్యం. చేతితో చేసే సర్వేను పండగలు, సెలవులు, వానలు లేని మామూలు రోజున చేయాలని నియమం. మంగళవారమో బుధవారమో. న్యాయమే, కానీ మీరు జంక్షన్‌ని తిట్టుకునేది ఆ మామూలు బుధవారం కాదు. అరగంట వాన పడి, ఫ్లైఓవర్ కింద మోకాళ్ళ లోతు నీళ్ళు నిలిచి, ఇంటికి రావడానికి మూడు గంటలు పట్టిన రోజు. సగటు చూస్తే ఆ రోజు కనిపించదు. అమెరికాలో సగటుతో ఆగకుండా, 20 రోజుల్లో 19 రోజులు టైముకు చేరాలంటే ఎంత ముందు బయల్దేరాలో కూడా లెక్కేస్తారు. మన నగరాల్లో ఆ లెక్క ముందుకొస్తే మొదటి ఖర్చు ఫ్లైఓవర్ మీద కాక వాననీటి కాలవ మీద పెట్టాల్సి వస్తుందని నా అనుమానం. 2023 జూలై వానలప్పుడు సైబరాబాద్ పోలీసులు ఐటీ కంపెనీలను ఉద్యోగుల్ని మూడు విడతలుగా వదలమన్నారు. ఒక్క గజం రోడ్డు వెయ్యకుండా పీక్ అవర్‌ని సాగదీసి పల్చన చేయడం అది. తిరుమలలో టైం స్లాట్ టోకెన్లు ఇచ్చేదీ ఇందుకే కదా.

ఇంతవరకూ చెప్పింది ఒక్క జంక్షన్ గురించి. బండ్లు ఎక్కణ్ణుంచి వస్తున్నాయి, ఎక్కడికి పోతున్నాయి అన్నది జంక్షన్‌లో కూర్చుంటే తెలియదు. దానికి వేరే సర్వే, ఓడీ (ఆరిజిన్-డెస్టినేషన్) సర్వే అంటారు. పోలీసు సాయంతో బండి ఆపి, ఎక్కడ బయల్దేరారు, ఎక్కడికి, ఏ పని మీద అని అడుగుతారు. విజయవాడ బెంజి సర్కిల్ తీసుకోండి. చెన్నై నుంచి కోల్‌కతా వెళ్ళే 16వ నంబర్ జాతీయ రహదారి, బందరు రోడ్డు అక్కడ కలుస్తాయి. ఊరితో పనిలేని లారీ, పిల్లాణ్ణి స్కూల్లో దింపే స్కూటరు ఒకే సిగ్నల్ దగ్గర నిలబడతాయి. ఊరితో పనిలేనివి ఎక్కువైతే వాటిని పైనుంచి పంపే ఫ్లైఓవరో ఊరి బయట బైపాసో అర్థవంతం. 2020లో, 2021లో అక్కడ తెరిచిన రెండు ఫ్లైఓవర్లూ రహదారి వెంట పోయేవాటి కోసమే. అదే మాదాపూర్‌లోనో అమీర్‌పేటలోనో అయితే బండ్లలో చాలావాటికి ఆ చుట్టుపక్కలే పని. వాటిని పైకెక్కించి ముందుకు దింపితే, దిగిన చోటే మళ్ళీ వరుస కడతాయి.

నగరం మొత్తానికి ఇదే పని చేయాలంటే ఇంటింటి సర్వే చేస్తారు. ఇంట్లో ఎవరు, ఏ టైముకు, దేంట్లో, ఎక్కడికి వెళ్ళారు అని. ఆ నగరాన్ని వందల ముక్కలుగా కోసి, ఏ ముక్క నుంచి ఎన్ని ప్రయాణాలు పుడతాయి, ఎటు పోతాయి, బస్సా బండా, ఏ రోడ్డు గుండా అని నాలుగు మెట్లలో కంప్యూటర్ మోడల్ కడతారు. హైదరాబాద్‌కి నగరాభివృద్ధి సంస్థ హెచ్‌ఎండీఏ చేయించిన సమగ్ర రవాణా అధ్యయనం అలాంటిదే. అది 2041 వరకూ చూస్తుంది. రద్దీ పెరిగితే ప్రయాణం ఎంత ఆలస్యమవుతుందో లెక్కేయడానికి ఇలాంటి మోడళ్ళు చాలావాటిలో వాడేది 1964 నాటి అమెరికా సూత్రం. రోడ్డు సరిగ్గా నిండినప్పుడు ఖాళీ రోడ్డు కంటే 15 శాతం ఎక్కువ టైం. నిండినదానికి ఒకటిన్నర రెట్లు వస్తే 76 శాతం ఎక్కువ. రెండు రెట్లు వస్తే ఏకంగా 3.4 రెట్ల టైం. చివరి పది శాతం బండ్లు చేసే నష్టం మొదటి యాభై శాతం చేయవు. స్కూళ్ళకు సెలవులిచ్చిన వారం రోడ్లు ఎందుకంత హాయిగా ఉంటాయో ఇప్పుడు అర్థమైందా?

ఇక అసలు బేరం జరిగే చోటు, అంటే భవిష్యత్తు లెక్క. ఈరోజు కట్టేది 20 ఏళ్ళు పనికిరావాలి కాబట్టి ట్రాఫిక్ ఏడాదికి ఎంత శాతం పెరుగుతుందో అనుకోవాలి. 5 శాతం అనుకుంటే 20 ఏళ్ళకు 2.65 రెట్లు. 7.5 అనుకుంటే నాలుగుంపావు రెట్లు. ఇప్పుడు గంటకు 4000 పీసీయూలున్న జంక్షన్‌కి ఒక లెక్కలో 10,600 వస్తాయి, ఇంకో లెక్కలో 17,000. మధ్యలో డివైడర్ ఉన్న ఆరు లేన్ల ప్రధాన రోడ్డు డిజైన్ అంకే 5400 అయినప్పుడు, రెండో లెక్కకు రెండంతస్తుల ఫ్లైఓవర్ తప్ప ఇంకేదీ సరిపోదు. ఏ రేటు వాడారన్నది సాధారణంగా రిపోర్టులో ఒక్క లైనులో ఉంటుంది. నేను ఏ డీపీఆర్ (ప్రాజెక్టు పూర్తి వివరాల రిపోర్టు) తెరిచినా ముందు ఆ లైనే వెతుకుతాను. నిజంగా అంతంత బండ్లు వస్తాయా అంటే, రోడ్డు మోయలేనిది రానే రాదు. జనం టైం మార్చుకుంటారు, ఇల్లు మారతారు, మెట్రో ఎక్కుతారు, వెళ్ళడమే మానేస్తారు.

విచిత్రం ఏంటంటే, ట్రాఫిక్‌ని నిజంగా పుట్టించే నిర్ణయం ఈ రిపోర్టుల బయట, భవన నిర్మాణ అనుమతుల దగ్గర జరుగుతుంది. స్థలం విస్తీర్ణానికి ఎన్ని రెట్లు కట్టొచ్చో చెప్పే ఎఫ్‌ఎస్‌ఐ పరిమితిని హైదరాబాద్‌లో 2006లో ఎత్తేశారు. ముందున్న రోడ్డు వెడల్పు, చుట్టూ వదిలే ఖాళీ సరిపోతే పైకి ఎన్ని అంతస్తులైనా కట్టుకోవచ్చు. కోకాపేట, ఫైనాన్షియల్ డిస్ట్రిక్ట్ వైపు 40, 50 అంతస్తుల టవర్లు వరసగా లేస్తున్నాయి. గేటు ముందు 100 అడుగుల రోడ్డు ఉంది సరే, ఆ రోడ్డు పోయి కలిసే జంక్షన్ సంగతి? ఏడాదికి 5 శాతం అనుకున్న లెక్కకు ఆ టవర్లు కనిపించవు. అవన్నీ నిండిన ఏడాది మీ కాలనీ ముందు ఏమవుతుందో ఆ కుర్రాళ్ళ కాగితంలో లేదు.

ఇంతకీ ఫ్లైఓవర్ కట్టినా జామ్ ఎందుకు పోదు అన్నది. కొన్నిచోట్ల పోతుంది, ఆ మాట నిజాయితీగా ఒప్పుకోవాలి. నగరంలో ఫ్లైఓవర్లు కట్టే ఎస్ఆర్‌డీపీ పథకం కింద మైండ్‌స్పేస్, బయోడైవర్సిటీ, షేక్‌పేట లాంటి చోట్ల కట్టినవి ఆయా జంక్షన్లలో ఆగే టైం తగ్గించాయి. అయితే కొలిచింది ఆ జంక్షన్‌ని మాత్రమే. పైనుంచి ఆగకుండా వచ్చిన బండ్లన్నీ తర్వాతి సిగ్నల్ దగ్గర ఒకేసారి దిగుతాయి. ఆ సిగ్నల్ వేరే రిపోర్టు, వేరే టెండర్. యూటర్న్‌ల కథా ఇదే. జంక్షన్ మూసి, ముందుకెళ్ళి తిరిగి రమ్మంటే జంక్షన్‌లో ఆగే టైం సున్నా అయిపోతుంది, ప్రకటన బాగుంటుంది. రోజూ ముప్పావు కిలోమీటరు ఎక్కువ తిరిగే మీ పెట్రోలు, డివైడర్ ఎక్కి దాటాల్సిన ముసలావిడ కష్టం ఎవరి లెక్కలోనూ రావు. కొన్నిచోట్ల యూటర్న్ మంచి ఉపాయమే, నేనే పెట్టించాను. రెండు యూటర్న్‌ల దాకా లెక్క సాగదీసి చూడాలి, అంతే.

పైగా ఖాళీ అయిన రోడ్డు ఖాళీగా ఉండదు. ఇన్నాళ్ళూ పొద్దున్న 7కే బయల్దేరినవాడు 9కి వస్తాడు, మెట్రోలో వెళ్ళేవాడు కారు తీస్తాడు, సందుల్లోంచి పోయేవాడు మెయిన్ రోడ్డెక్కుతాడు. అమెరికాలోని హ్యూస్టన్‌లో మనవాళ్ళు చాలామంది కేటీ అనే శివారు వైపు ఉంటారు, వాళ్ళనడగండి. 2008లో పూర్తయిన కేటీ ఫ్రీవే విస్తరణతో సర్వీస్ రోడ్లు కలుపుకుని కొన్నిచోట్ల 26 లేన్లు వచ్చాయి. కొన్నేళ్ళకే పీక్ అవర్ ప్రయాణం మళ్ళీ సాగింది. కాలిఫోర్నియా అయితే 2013లో చట్టం తెచ్చి, 2020 జూలై నుంచి కొత్త నిర్మాణాల పర్యావరణ పరిశీలనలో జంక్షన్ గ్రేడ్లు చూడడమే మానేసింది. ఆ నిర్మాణం వల్ల జనం మొత్తం ఎన్ని మైళ్ళు బండి నడపాల్సి వస్తుందన్నది చూస్తున్నారు. కొలబద్ద మార్చారు, దాంతో ఊరి బయట కట్టే కాలనీలు చెడ్డవిగా, బస్సు దగ్గర కట్టేవి మంచివిగా తేలడం మొదలైంది.

మన దగ్గరా కాగితం మీద కొలబద్ద మారింది. 2006 నాటి జాతీయ పట్టణ రవాణా విధానం, రోడ్డు మీద కదలాల్సింది మనుషులు, బండ్లు కాదు అని స్పష్టంగా చెప్పింది. ఒక చిన్న లెక్క చూడండి. బస్సులో 50 మంది ఉన్నారనుకుందాం, అది 3.7 పీసీయూ. అంటే ఒక కారు పట్టే చోటులో 13 మందికి పైగా పోతున్నారు. కారులో సగటున ఒకటిన్నర మంది అనుకుంటే ఒక పీసీయూకి ఒకటిన్నర. ఇప్పుడు మీ జంక్షన్ కాగితం చూడండి. అందులో నిండు బస్సు 3.7 కార్ల భారం. ఎంతమంది దిగారు, ఎక్కారు అన్నది ఎక్కడా లేదు. నడిచేవాళ్ళకు చాలా కాగితాల్లో గడే ఉండదు. నేను చేసిన ఒక సర్వేలో పాదచారుల్ని కూడా లెక్కపెడదామంటే, ఇచ్చిన డబ్బుకు అది రాదన్నారు. తీరా రిపోర్టులో, పాదచారుల సంఖ్య పెద్దగా లేదు అని ఎవరో రాసేశారు! లెక్కపెట్టనిది పెద్దగా లేకపోవడంలో వింతేముంది.

ఎవరు తేలుస్తారు అన్న మీ ప్రశ్నకు జవాబు కాస్త నిరాశ కలిగిస్తుంది. రోడ్డు కార్పొరేషన్‌ది. అది జాతీయ రహదారి అయితే మళ్ళీ వేరే. సిగ్నల్ ట్రాఫిక్ పోలీసులది, బస్సు ఆర్టీసీది, మాస్టర్ ప్లాన్ హెచ్‌ఎండీఏది, మెట్రో ఇంకొకరిది. వీళ్ళందర్నీ ఒక తాటి మీదికి తేవడానికి హుమ్టా అనే సంస్థ 2008 చట్టం నాటి నుంచీ ఉంది కానీ, డబ్బు ఎవరి చేతిలో ఉంటే మాట వాళ్ళది. పెద్ద ప్రాజెక్టుకు డీపీఆర్, టెండర్, శంకుస్థాపన ఉంటాయి. సిగ్నల్ టైమింగ్ సరిచేస్తే శంకుస్థాపన ఉండదు. నిజానికి చవగ్గా ఎక్కువ లాభం అక్కడే. ఫేజ్ మారిన ప్రతిసారీ, అంటే ఒక వైపు ఆపి ఇంకో వైపు వదిలిన ప్రతిసారీ, నాలుగైదు సెకన్లు ఎవరికీ పనికిరాకుండా పోతాయి కాబట్టి సైకిల్, అంటే అన్ని వైపులకూ ఒక చుట్టు పచ్చ లైటు ఇచ్చే టైం, మరీ చిన్నదైతే నష్టం. మరీ పెద్దదైతే వరుస పెరిగి వెనక జంక్షన్‌ని మూసేస్తుంది. ఈ రెంటి మధ్య సరైన టైం ఎంతో లెక్కగట్టే సూత్రం 1958లోనే వెబ్‌స్టర్ ఇచ్చాడు. మన జంక్షన్లలో మీట నొక్కే కానిస్టేబుల్ ఎదురుగా ఎక్కువ హారన్లు ఎటు మోగుతున్నాయో అటు వదులుతాడు, పాపం ఆయన తప్పేం కాదు. బస్టాప్‌ని సిగ్నల్ ముందు నుంచి సిగ్నల్ దాటాక 50 మీటర్లకు జరపడం, ఫ్రీ లెఫ్ట్‌లో ఆటోలు నిలవకుండా చూడడం లాంటివి కూడా ఈ కోవలోవే. లండన్‌లో 2003 నుంచి, స్టాక్‌హోమ్‌లో 2006లో ట్రయల్ చేసి 2007 నుంచి నగరం మధ్యలోకి వచ్చే కార్ల మీద రుసుము వేస్తున్నారు. స్టాక్‌హోమ్‌లో దాంతో బండ్లు సుమారు ఐదో వంతు తగ్గాయి. సరిపడా బస్సులు లేకుండా ఇక్కడ ఆ మాట ఎత్తితే మాత్రం జనం ఊరుకోరు, ఊరుకోకూడదు కూడా.

మీ సంఘం అడగదలచుకుంటే, ఫ్లైఓవర్ కావాలి అని వినతిపత్రం ఇవ్వకండి. సమాచార హక్కు కింద దరఖాస్తు పెట్టి ఆ సర్వే అసలు కాగితాలు అడగండి: ఏ తేదీన చేశారు, 15 నిమిషాల లెక్కలు, బైకుకీ బస్సుకీ వాడిన పీసీయూ అంకెలు, దేనితో భాగించి వీ బై సీ తీశారు, ఏడాదికి పెరుగుదల ఎంత అనుకున్నారు, వరుస పొడవు కొలిచారా, పాదచారుల్ని లెక్కపెట్టారా. ముందువెనక జంక్షన్లు కూడా సర్వేలో ఉన్నాయా అన్నది తప్పకుండా అడగండి. సర్వే చేసి పక్కన పెట్టేశారంటే చాలాసార్లు అర్థం, అది మీ జంక్షన్ కోసం కాదు, ఎక్కడో రెండు కిలోమీటర్ల దూరంలో కట్టబోయే దేనికో చుట్టుపక్కల లెక్క తీసుకున్నారని. ఆ సంగతి కూడా ఆ కాగితాల మీదే రాసుంటుంది.

అవి వచ్చేలోపు మీరే ఒక కొలత తీయొచ్చు, పైసా ఖర్చు లేదు. సాయంత్రం 6:30కి డాబా మీద ఇద్దరు నిలబడండి. ఎర్ర లైటు పడగానే వరుసలో చిట్టచివరి బండి ఏదో చూసి రాసుకోండి, తెల్ల కారో పసుపు ఆటోనో. అది జంక్షన్ దాటేలోగా ఎన్నిసార్లు ఎర్ర లైటు పడిందో లెక్కపెట్టండి. ఒక్కసారే అయితే మీ సిగ్నల్ బాగానే ఉన్నట్టు. మూడు నాలుగు సార్లయితే, వరసగా పది పని రోజులు, కనీసం ఒక్క వాన రోజు తగిలేలా, తేదీ వేసి రాయండి. ఆ పట్టిక ఇక్కడ పెడితే సిగ్నల్ టైమింగ్ సంగతా, దాటాక ముందున్న అడ్డంకి సంగతా అన్నది నేను చూసి చెప్తాను.